ఊదా రంగు దగ్గర ఆగిన నీళ్ళు

ముప్పై ఎనిమిదో రోజు.
గాజుగొట్టంలో తొట్టె నీళ్ళు పట్టి
ఐదు చుక్కలు వేసి, మూత బిగించి ఊపి
కుట్టుమిషను బల్ల మీద నిలబెట్టాను.
నైట్రైట్ మళ్ళీ ఊదా.
నిన్నటి ఊదా, మొన్నటి ఊదా,
పోయిన వారం నేను కుట్టిచ్చిన పెళ్ళి పావడా అంచు ఊదా.

ఎల్ ఆల్టోలో, సముద్రానికి నాలుగువేల మీటర్ల పైన,
సముద్రమే లేని దేశంలో,
మూతపడ్డ పళ్ళ డాక్టరు దగ్గర చవగ్గా కొన్న తొట్టె ఇది.
"ఉప్పు కొనడమేంటమ్మా, ఉయునీ అంతా ఉప్పేగా!"
మా మామ సతుర్నీనో నవ్వాడు.
తినే ఉప్పు వేరు, ఈ ఉప్పు వేరని చెప్తే
ఇంకా నవ్వాడు.

మొదటి వారం ఒక పచ్చి రొయ్యని కుళ్ళబెట్టాను.
కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు
శాలువాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.
అమ్మోనియా ఆకుపచ్చగా పొంగి
ఇరవై రెండో రోజుకి పసుపై కూర్చుంది.
అంటే, తినేవాళ్ళెవరో వచ్చారు.
కంటికి ఆనరు, రాళ్ళకి జిగురులా అంటుకుని
ఒక విషాన్ని ఇంకో విషం చేసి తప్పుకుంటారు.
ఆ రెండో విషాన్ని తినాల్సినవాళ్ళే
ఇంకా రాలేదు.

సగం నీళ్ళు మార్చాను.
కొళాయిలో క్లోరిన్ని అనుమానించాను.
స్పాంజి కడిగిందెవరని కూతుర్ని కసిరాను,
పాపం అది ముట్టుకోనే లేదు.
సీసాలో అమ్మే బాక్టీరియా తెచ్చి పోశాను,
రెండు పావడాల కుట్టుకూలి.
ఊదా.

కేబుల్ కారెక్కి లా పాజ్‌కి దిగాను.
చేపల కొట్టు కుర్రాడు నీళ్ళు నమిలాడు.
వెనక గదిలోంచి డోన్యా ఎదెల్మీరా వచ్చి
ఒక్కటే అడిగింది:
"రాత్రిళ్ళు పంపు ఆపుతున్నావా?"

ఆపుతున్నాను.
ఎలెయుతేరియో నాలుగింటికి లేచి మినీబస్సు తియ్యాలి,
ఆ చప్పుడుకి నిద్ర పట్టదంటాడు.
పదకొండేళ్ళుగా ఆయన గురక నేను వింటున్నాను,
అది వేరే లెక్క.

"ఇక్కడి గాలే పలచన. నీళ్ళలో అది ఇంకా పలచన.
నీకు కనపడనివాళ్ళు ప్రతి రాత్రీ
తెల్లారేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటున్నారు."

ఆ రాత్రి పంపు మూతి పైకి తిప్పాను,
నీటి చర్మం చిరిగేలా.
ఆయన దుప్పటి తీసుకుని పిల్లల గదిలోకి పోయాడు.
ఏమీ అనలేదు. ఆ అనకపోవడం గట్టిగానే వినపడింది.

నలభై ఏడో రోజు గొట్టంలో లేత నీలం.
నమ్మక ఇంకోసారి పట్టాను.
నీలమే.

చేపలింకా లేవు.
గాజు మీద గోధుమరంగు నూగు మాత్రం.
ఎలెయుతేరియో బస్సు అద్దాలు తుడిచే గుడ్డతో
లోపల చెయ్యి పెట్టబోతే పట్టుకున్నాను.
"మురికి" అన్నాడు.
"కాదు. ముందుగా దిగినవాళ్ళు."

తడిసిన వేలు నాలికకి తాకించుకుని
కాసేపాగి అడిగాడు,
"సముద్రం ఇలాగే ఉంటుందా?"

నాకు మాత్రం ఏం తెలుసు.