ఒకటి తీసేస్తే

దొరసామి పోయి నలభై దినాలు కాలేదు.
పోతా పోతా రైల్వే కాలనీ పిలకాయలకు
ఒక ఆట వదిలిపెట్టినాడు:
ఏడు చీటీలు, ఒక రేకుపెట్టె,
నాలుగంకెల తాళం.
"నా ఆట తెలిసినోళ్లకే తెరుచుకుంటుంది" అని
మూత మీద సుద్దముక్క రాత.

మొదటి చీటీ:
"నిలబడి ఏడ్చే ఇద్దరన్నదమ్ముల నడుమ
నా మొదటి గోలు."
కొర్లగుంటలో రెండు వీధి కొళాయిలు.
ఒకదాని గొంతులో నీళ్లు,
ఒకదాని గొంతులో రెండో చీటీ.

అది లీలామహల్ కాడ
చెప్పులు కుట్టే పెంచలయ్య దగ్గరికి తోలింది.
"వట్టి కాలికి బూటు కుట్టినాడు,
నా పద్దు ఇంకా కొట్టేయలేదు, చూడండి."
పిలకాయలు చందాలేసి
పద్దెనిమిది రూపాయలు కట్టేసినారంట.
పెంచలయ్య లెక్కబెట్టుకోని, కండ్లు తుడుచుకోని,
మూడోది ఇచ్చినాడు.

"టికెట్టు లేని బస్సెక్కి రాండి,
ఆ బస్సు నంబరే నా వీపు మీద."
ఢిల్లీబాబు తన రెండు కాళ్లూ చూసుకోని
ఎగిరి గంతేసినాడు: "పదకొండు!"

నాలుగు, ఐదు, ఆరు,
గూడ్సు షెడ్డులో మోసిన మూటలు,
మోకాలికి పడిన కుట్లు,
రేణిగుంట ఇన్‌స్టిట్యూట్ గోడ మీద అద్దాల పటం,
అవన్నీ వాళ్లనే చెప్పనీండి.
పటంలో పాత పేపరు ముక్క:
"రైల్వే జట్టుకు నలభై ఒక్క గోల్స్."

పదకొండు, నలభై ఒకటి.
తాళం కదల్లేదు.
నూనె పోసినారు.
ముంతాజ్ బిస్మిల్లా అనింది,
ఢిల్లీబాబు గోవిందా అన్నాడు.
ఊహూఁ.

మాపటేళకు ఏడో చీటీ ఎత్తుకోని
నా గడప ముందర నిలబడినారు.
"లెక్క తేలకపోతే
జెండా పట్టిన చేతినడగండి."

నేను గీత పక్కన పరిగెత్తేవాణ్ణి.
ఆడేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి.
గుంతకల్లు జట్టుతో ఫైనలు, ఆఖరి నిమిషం,
ఎర్రదుమ్ములో బంతి ఎత్తుగా వచ్చింది.
తలకు అందలేదు.
మోచేతికి కింద, ఇక్కడ, ఈడ తగిలింది.
వల ఊగింది. ఊరు లేచింది.
రిఫరీ నా దిక్కు చూసినాడు.
గుంతకల్లు గోలీ నా దిక్కు చూసినాడు.
కట్టె చెమటకు జారతా ఉండింది.
జెండా ఎత్తలేదు.
జనం దొరసామిని భుజాల మీద ఎత్తినారు.

ఆ పొద్దు జెండాను కాలవలో పారేసి
ఇంటికి పోయినాను.

ముప్పై మూడేండ్లు
ఒకే బెంచీ మీద టీ తాగినాం.
వానలు మాట్లాడుకున్నాం,
చక్కెర జబ్బు, పింఛను, బియ్యం ధర.
ఆ గోలు మాట ఎవురూ ఎత్తలేదు.
డబ్బులు మాత్రం ఎప్పుడూ వాడే ఇచ్చేవాడు.
ఎందుకని నేనూ అడగలేదు.

"తాతా, ఎన్ని?" అనింది ముంతాజ్.
గొంతు పెగల్చుకోని చెప్పినాను:
"ఒకటి తీసేయండి పాపా. నలభై."

టిక్కుమనింది.

పెట్టెలో గాలి లేని బంతి, ఒక పంపు.
అడుగున, ఉతికి మడత పెట్టిన గుడ్డ,
సగం ఎరుపు, సగం పసుపు,
కాలవ మరక ఒక మూల ఇంకా పోలేదు.
చీటీ ఏమీ లేదు.

పిలకాయలు బంతికి గాలి కొట్టుకోని
రెండు కొళాయిల కాడికి పరిగెత్తినారు.
నేను గుడ్డను పట్టుకోని
రోడ్డు అంచు దాకా వచ్చినాను.
ఎవురూ నన్ను చూడటం లేదు.
చెయ్యెత్తినాను,
ముప్పై మూడేండ్లు ఆలస్యంగా,
నిండా, భుజం కలుక్కుమనేదాకా.

షేరాటో ఒకటి కీచుమని ఆగింది.
"యాడికి సామీ?" అన్నాడు డ్రైవరు.