రెండు రండిల మధ్య

మార్చి నెల గుంటూర్లో
దగ్గు పడని రికార్డింగు దొరకదు.
యార్డులో లారీ ఒకటి కదిలితే చాలు
ఇక్కడ కొత్తపేట మేడ మీద, కిటికీలు మూసినా,
మైకు ముందున్న గొంతు ఘాటెక్కుతుంది.
తెర మీద దగ్గు
తొడిమ తెంపని మిరపకాయలా నిక్కి కనిపిస్తుంది.
మౌసుతో పట్టి తీసేస్తాను.
రోజుకు నలభై దగ్గులు. నా కూలి అందులోనే.

కింద మా నాన్న మైకుసెట్ల షాపు, పైన నా కంప్యూటరు.
ఆటోల మీద ఊరు తిరిగే మాటలు ఇక్కడే కుడతాం.
చీరల తగ్గింపైనా పెద్దకర్మ కబురైనా
ముప్పై ఏళ్లు ఒకటే గొంతు, జక్రయ్యది.

హోరు తీయాలంటే ముందు
ఎవరూ మాట్లాడని చోటొకటి యంత్రానికి వినిపించాలి.
ఇదిగో, ఇది ఖాళీ, అని చూపించాలి.
ఆ ఖాళీలో ఫ్యాను కిర్రుమంటుంది,
మూడొంతెనల వైపు గూడ్సు బండి పోతుంటుంది,
జక్రయ్య ఊపిరి తీస్తుంటాడు.
అంతా హోరే అనుకుంది యంత్రం.
నేనూ అనుకున్నాను.

మొన్న జనవరిలో ఆయన గొంతు తీసేశారు.
తీసేశారు అనే పలక మీద రాశాడు,
ఆపరేషన్ అని రాయలేదు.
మెడకు గళ్ల రుమాలు.
కింద ఇంకో వరస:
"పాత ఫైళ్లున్నయ్ గదమ్మాయ్. అతికించు. సగం నాది."

అతికిస్తున్నాను.
స్కాన్ చేసి డబ్బు కట్టండి, అనాలిప్పుడు.
'స్కాన్'ని ఎప్పటిదో స్కానింగ్ సెంటర్ నుంచి
తోక అక్కడే వదిలేసి కోసుకొచ్చాను.
'కట్టండి' నీటి పన్నులో దొరికింది,
కాస్త గద్దింపుగా ఉంది, పోనీ.
చిక్కంతా 'రండి'తో.
ఉన్నవాటిల్లో శుభ్రమైనది
ఎవరిదో కడచూపుది.
చివర్న కిందికి జారుతుంది.
పట్టుచీరల మీద సగానికి సగం తగ్గింపు, రండి రండి
అంటే విన్నవాళ్లు పూలదండతో వస్తారు.

శ్రుతి పెంచాను, ఎవరో కుర్రాడు పలికాడు.
ఎకో పోశాను, నూతిలోంచి పిలిచాడు.
జక్రయ్య బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టాడు.
కాదు.
పలక తీసుకున్నాడు:
"ఇది చిన్నప్ప పోయిన్నాటిది. ఆ పూట ఏడ్చి ఉన్నా."
తుడిచి, మళ్లీ:
"రెండు రండిల నడుమ ఊపిరేదీ?"

నేనే తీసేశానని ఎలా చెప్పను.
పదకొండేళ్లుగా, ఫైలు ఫైలుకీ,
శుభ్రం అనుకుని.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.
ఫ్యాను ఆపమని చెయ్యూపాడు.
రుమాలు విప్పి
మెడలోని రంధ్రాన్ని మైకు దగ్గరకు తెచ్చాడు.
లోపలికి ఒకసారి. బయటికి ఒకసారి.
సన్నటి ఈల, కొంచెం తడి.
తెర మీద పల్చటి నీలి గీత, ఎత్తుపల్లాలేం లేవు.
వెనకే దగ్గొచ్చింది, రుమాల్లోకి.
ఈలను కొంత అణిచి
ఆ ఊపిరిని రెండు రండిల మధ్య పెట్టాను,
అంచు మీద అంచు కప్పి.
వినిపించాను.
వేలు తట్టలేదు.

దగ్గు మిగిలింది. అది ఏ ప్రకటనకీ పనికిరాదు.
తీసేయనూ లేదు.

డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టి
పది తక్కువని చూపించి, తీసుకునే వెళ్లాడు.

సాయంత్రం అరండల్‌పేటలో మా ఆటో తిరిగింది.
ఎవరూ తలెత్తలేదు. అంటే అతుకు కుదిరినట్టే.
నాలుగో లైను మొగలో మాత్రం
దోసకాయలు బేరమాడే ఒకావిడ చెయ్యాపి
పక్కనామెతో అందట:
"విన్నావా, జక్రయ్యకి తగ్గిపోయిందే."