బదిలీ పేరు

నెల్లిమర్ల స్టేషను రోడ్డు, యూనియన్ ఆఫీసు మేడ మీద
రెండు వేల మూడొందల నలభై మంది
నా కంప్యూటర్లో పడుకున్నారు.
అందరికీ ఒకటే ఇంటిపేరు, స్కాన్.
స్కాన్ సున్నా సున్నా సున్నా ఒకటి
స్కాన్ సున్నా సున్నా సున్నా రెండు...

మిల్లు మూసిన ఏడేళ్లకి
గోదాములో చెదలు మిగిల్చిన సర్వీసు కార్డులు.
పీఎఫ్ వాళ్లు సోమవారం దాకా గడువిచ్చారు.
ఒక్కొక్కటీ తెరిచి, చూసి, పేరు కొడితే
నా లెక్కలో పందొమ్మిది రాత్రులు.

గరివిడి పాలిటెక్నిక్‌లో చదివే మా పిన్ని కొడుకు
పెన్ డ్రైవ్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ తెచ్చిచ్చాడు.
డబ్బులడగదు.
ముప్పై రోజులయ్యాక మొహం చాటెయ్యదు.
చలివేంద్రం కుండ లాంటిది,
ఎవరు నింపారో తెలీదు,
ముంచుకు తాగి మూత పెట్టి పోవడమే.

ఎడం వరసలో పాత పేర్లు
కుడి వరసలో రాబోయే పేర్లు.
మొదటి నాలుగక్షరాలు తీసెయ్ అంటే తీసేస్తుంది,
జాబితాలోంచి పేరు తెచ్చి అతికించమంటే అతికిస్తుంది.
నొక్కేదాకా ఏదీ జరగదు.
నొక్కాక కూడా, తప్పయిందంటే, వెనక్కి ఇచ్చేస్తుంది.
ఇంత మర్యాద
నాకు ఏ ఆఫీసు కిటికీ దగ్గరా దొరకలేదు.

ఒకే పేరు రెండుసార్లొస్తే మాత్రం ఒప్పుకోదు, ఎర్రబడుతుంది.
పైడయ్యలు నలభై ఒక్కమంది
ఒక్కసారే ఎర్రబడ్డారు, గేటు దగ్గర సమ్మెలా.
ముందు టోకెన్ నంబరు తగిలించాను.
చల్లబడ్డారు.

ఇక నొక్కడమే అనుకుంటుండగా
మెట్ల మీద దగ్గు ముందొచ్చింది, మనిషి తరవాతొచ్చాడు.
ఊపిరిలో ఇంకా జనపనార పొట్టు.
"నా కారుడు సూడమ్మా. పదకొండొందల ఆరు."
తెరిచాను.
గేదెల గురువులు. ఫొటోలో మీసాల కుర్రాడు,
ఈయన కాదు.

"ఆడే. ఆడు కరగ్‌పూర్ ఎల్పోనాడు.
ఆడి టోకెను మీద నాను దిగీసేను. బదిలీ.
పదకొండేళ్లు గురువులూ అంటే నానే పలికీవోణ్ణి."
"మరి మీ పేరు?"
"తవుడు."

అదీ మొదటి పేరు కాదట.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
పురిటి వాసన పోకముందే చేటలో వేసి
పొరుగింటికి ఇచ్చి
కుంచెడు తవుడు పోసి కొనుక్కున్నారట.
చావు వెతుక్కుంటూ వస్తే
ఇదేదో పశువుల కుడితి సామాను అనుకుని
పక్క వీధికి పోవాలని.
"అసలేం పెడదామనుకున్నారు తాతా?"
"ఎవులికి తెలుసు.
నీ మిసను ఎనక్కెళ్తాదన్నావు కదా,
ఎంత దూరం ఎళ్తాదేటి?"

ఒక్క అడుగు తాతా.
ఇప్పుడే నేను చేసిన తప్పు దాకా.

కార్డు వెనకవైపు తెరిచాను.
నెల నెలా జీతం గళ్లు, గళ్లలో వేలిముద్రలు.
పెద్దది చేశాను, ఇంకా పెద్దది.
స్పిన్నింగు ఫ్రేము కోసిన గాటు
ముద్ర మధ్యలో కాలవలా, అడ్డంగా.
ఆయన వంగి
తన బొటనవేలు తెర మీద దాని పక్కనే ఆనించాడు.
గాజు మీద చెమట మచ్చ పడింది.
తుడవలేదు.

ఆ ఒక్క వరసనీ నియమంలోంచి తప్పించి
చేత్తో కొట్టాను.
పదకొండొందల ఆరు, గురువులు,
ఒక కింది గీత, తవుడు.
పీఎఫ్ ఆఫీసులో ఆ గీతని ఏమని చదువుతారో తెలీదు.
తప్పుడు పేరని కొట్టేస్తారేమో కూడా.

నొక్కాను.
చీపురుపల్లి పాసింజరు కూత సగంలో ఉండగానే
రెండు వేల మూడొందల నలభై మందీ
ఎవరి పేరుకి వాళ్లు లేచి కూర్చున్నారు.

తాత మెట్లు దిగుతున్నాడు.
కింద టీ బడ్డీ దగ్గరనించి ఎవరో పాత మిల్లు మనిషి
"ఒరే గురువులూ!" అని కేకేశాడు.

"ఓయ్" అన్నాడు.