కేసింగ్

కాయితం మీద ఒక గడి:
“ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?”
రెండు వేళ్ళ సందంత జాగ.
నల్లగొండ పెద్దదవాఖాన, పదకొండో గది బయట బల్ల,
పెన్ను నాది కాదు, పక్కన కూసున్నామెది.

మా తాత జంగయ్య.
మేనత్త సోమక్క. బతికింది గని
ముప్పై ఏండ్లు గోడదిక్కు తిరిగే పండుకున్నది.
తమ్ముడు ఇద్దయ్య.
వాని పేరుకాడ పెన్ను ఆగింది.

“ఆ ఇంటి నెత్తురే అంత” అంటరు మర్రిగూడ దిక్కు.
పిల్లనియ్యొద్దని ఒకలు,
చేను కౌలుకియ్యొద్దని ఒకలు.
నెత్తురే అయితే నేనెందుకున్న?
ఒక్క బాయి నీళ్ళే తాగినం అందరం.
అక్క మోకాళ్ళు వంకరబోయినయి,
నాకు పండ్ల మీద పసుపు గీతలు, అంతే.

ఇరవై రెండేండ్లు బోరుబండి మీద ఉన్న.
వాని నాలుగో బోరు నేనే ఏసిన.
ఆరువందల ఎనభై ఫీట్లు.
దుమ్ము. తెల్లటి దుమ్ము.
నెత్తిన పడ్డది దులుపుకోను కూడ లేదు వాడు.
“బిల్లు ఎంతైందన్నా” అన్నడు.
చెప్పిన.
పైసలతో సహా చెప్పిన.

లోపట డాక్టరమ్మ, మా పెద్దదాని ఈడు ఉంటది.
“నెత్తురుల కొంచెం ఉంటది, బతుకుల కొంచెం ఉంటది,
రెండూ ఒక్కతాన కలిస్తే భయం” అన్నది.
నేను నా పనిల సమజు చేసుకున్న:
కొన్ని తావుల పదిహేను ఫీట్లకే రాయి తగుల్తది.
కొన్ని తావుల అరవై దాకా మెత్తమట్టే.
ఎండకాలమంత మంచిగనే నిలవడ్తది,
రెండు పెద్దవానలు పడితే
లోపటికి లోపటే కూలుతది.
మట్టిని తిట్టిన డ్రిల్లర్ను నేనెన్నడు చూడలే.
ఇంకో నాలుగు పైపులు కేసింగ్ దించుతం.

వానికి ఎవ్వరం దించలే.
అప్పిచ్చినోడు, బ్యాంకోడు, నలుగుట్ల మాటన్నోడు,
బిల్లు చెప్పిన అన్న,
అందరం బరువు బండ్లమే,
అంచుకే తెచ్చి నిలవెట్టినం.

గడిల మూడు పేర్లు పట్టక
అచ్చరాలు గీత దాటినయి.
ఆమె చదివింది, కొట్టెయ్యలే.
“మరి మీకు నిద్ర పడ్తుందా?”

మా ఇంట్ల ఎవ్వరు నోరు దాటనియ్యని మాట.
“పడ్తలేదు” అన్న.
“ఎన్ని దినాల సంది?”

చెప్పుడు షురూ జేసిన.
పన్నెండో నంబరాయన రెండుసార్లు తలుపు గొట్టిండు.
“ఆగుమను” అన్నది డాక్టరమ్మ,
కుర్చీ ఇంకింత దగ్గరికి జరుపుకుంట.