రెండువేల నలభై తొమ్మిది

రాత్రి పదకొండు.
బంగారుపాళ్యం దాటినాక జూస్ ఫ్యాక్టరీ ముందు
బెంగుళూరా కాయల ట్రాక్టర్లు,
మొదటి బండికి చివరి బండి కనపడదు.
కాటా రూములో తూకం పడుతూనే ఉంది.
నలభై అడుగుల అవతల ఆఫీసులో
బిల్లు మాత్రం పుట్టడం లేదు.

కేబులు బాగుంది. పింగు కొడితే జవాబొస్తోంది.
ఫైలు అడిగితే
"హోస్టుకు దారి లేదు" అంటుంది తెర.
దారి లేకేం, ఇప్పుడే నడిచొచ్చాను దానిమీద,
చెప్పులకి మామిడి తొక్కులంటుకున్నాయి.

కాటా మిషను అటుపక్క
ఫోల్డరు పట్టుకుని నిలబడే ఉంది.
మధ్యలో ఫైర్‌వాల్,
రెండువేల నలభై తొమ్మిదో తలుపు మూసుకుని.
మధ్యాహ్నం నా చేత్తో తెరిచిందే!

"గోడే తీసెయ్యమ్మా, పొద్దున కట్టుకుందాం."
మేనేజరు గారికి అన్నీ తొందరే.
కొనేవాళ్ళ వైఫై, గేటు కెమెరాలు, డ్రైవర్ల ఫోన్లు
అన్నీ ఆ తీగమీదే.
తీయలేదు.

టీ తెచ్చిన వాచ్‌మన్ చెంగల్రాయుడు
తెరకేసి చూడనైనా చూడకుండా అన్నాడు:
"సాయంత్రం కరెంటు పొయ్యింది గదా పాపా,
నోటిమాటగా చెప్పుంటావు దానికి.
డ్యూటీ మారితే నోటిమాట యాడుంటాది?
బుక్కులో రాయాల."

కాటా రూముకి తిరిగొచ్చి రాశాను.
ఆఫీసు మిషను అడ్రసు ఒక్కదానికే,
ఆ ఒక్క తలుపే,
మధ్యాహ్నం వదిలేసిన మాటతో సహా: పర్మనెంట్.
ఆ తొమ్మిది అక్షరాలు కొట్టేటప్పుడు
వేళ్ళు కాస్త తడబడ్డాయి.
నా ఆర్డరు కాగితంలో
ఆగస్టు ముప్పై ఒకటి అని ఉంది.

రీలోడ్. సక్సెస్.
"ఇంకోసారి ఆర్పి చూడు" అన్నాడు రాయుడు,
గేటు దగ్గర ముప్పై ఏళ్ళు, ఎవర్నీ నమ్మని మనిషి.
ఆర్పాను.
బయట హారన్లు, తిట్లు, వాటిలో నా పేరు కూడా.
ఫ్యాను ఆగి, మళ్ళీ తిరిగి,
నల్ల తెరమీద తెల్ల గీతలు పైకి పాకి, పాకి...

అవతల ఆఫీసులో ప్రింటరు దగ్గింది.

నాలుగు టన్నుల నూట ఇరవై కిలోలు,
దామలచెరువు, గోవిందప్ప నాయుడు.
కాయల మీదే గోనె పరుచుకుని నిద్రపోయినాయన
లేచొచ్చి, చీటీని ట్యూబులైటు కింద పట్టుకుని
రెండుసార్లు చదివాడు.
"ఇరవై కిలోలు తక్కువేసినారు" అన్నాడు.

ఆ తలుపు నా చేతిలో లేదు.