నన్

జీలాంగ్‌లో, రైరీ వీధి మలుపులో
బూట్లు బాగుచేసే, తాళంచెవులు కోసే కొట్టు మాది.
మాది అంటే జ్లాట్కోది. నేను జీతగాణ్ణి.
పగలంతా నకళ్ళు తీస్తాను.
ఇత్తడి రజను గోళ్ళలోంచి పోదు,
అన్నం కలిపితే పంటికింద పలుకుతుంది.

గురువారం సాయంత్రం షట్టరు సగం దించి
అతను అకార్డియన్ తీసేవాడు, నేను మాండొలిన్.
పాలిష్ డబ్బాకి ఫోను ఆనించి రికార్డు నొక్కేవాణ్ణి.
తొమ్మిదేళ్ళ గురువారాలు.
వాటి పేర్లు చెప్పాలంటే సిగ్గు:
కొత్తది. కొత్తది రెండు. కొత్తది చివరిది.
కొత్తది చివరిది నిజంగా.
జ్లాట్కో కోపం. వాన ఎక్కువ. తెలీదు.

ఒక రాత్రి లాప్‌టాప్ మూలిగింది.
ఊరందరికీ మారుతాళం కోసిచ్చినవాణ్ణి,
నా పాటలకి ఒక్క నకలు లేదు.

గోళంలా ఉండే లైబ్రరీలో పుస్తకం దొరికింది.
యాభై నాలుగేళ్ళకి పైథాన్.
మొదటి రాత్రే బుసకొట్టింది, ఒక్క ఖాళీ దగ్గర:
వరస నాలుగు ఖాళీలు లోపలికి జరగాలట,
మూడంటే ఒప్పుకోదట.
తిట్టుకోలేదు. ఈ చాదస్తం నాకు తెలుసు.
పంటిలో వెంట్రుకవాసి తేడా వస్తే
తలుపు ఎంత బతిమాలినా తెరుచుకోదు.

'ఫర్' అంటే పల్లవి అని రాసుకున్నాను నోటుబుక్కులో.
ఒక్కో పాటనీ ముట్టుకుని మళ్ళీ అక్కడికే రావడం.
నాలుగు వందల పన్నెండు పేర్లు
తెర మీద చీమల బారులా పాకిన రాత్రి
నిద్రపోతున్న శశిరేఖని లేపి చూపించాను.
"బాగుంది, దీపం ఆర్పు" అంది.

అక్కడితో ఊరుకోవచ్చు కదా.
పేరూ నిడివీ కలిస్తే రెండోది తీసెయ్ అని రాశాను.
మూడు సెకన్లు పట్టింది.
నిడివి నిమిషాల్లోనే చూశాను, సెకన్లు మరిచాను.
పాము బాగానే ఉంది, కర్రే విరిగింది.

పోయినవాటిలో ఒకటుంది:
వాయిస్తుండగా షట్టరు మీద ఎవరో తట్టారు,
తాళంచెవి కోసం.
జ్లాట్కో ఆపలేదు.
"మూసేశాం, రేపు రండమ్మా" అని
అదే వరసలో, తాళం తప్పకుండా పాడేశాడు.
ఆ నవ్వుకి నా మాండొలిన్ చివర రెండు స్వరాలు జారాయి.

కిందటి చలికాలం నుంచి అతని ఎడమ చెయ్యి బిగుసుకుంది.
అకార్డియన్ పెట్టె మీద ఇప్పుడు బూటు అట్టలు ఉంటున్నాయి.
మళ్ళీ వాయించి పెట్టు అని అడగలేను.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు.
అయిదో రోజు పాత డిస్కులో వెతుకుతుంటే
ఒక మూల, నేను పెట్టని పేరుతో ఫోల్డరు:
నన్.

నేర్చుకున్న తొలివారంలో రాసిన బ్యాకప్ అది.
ఈ రోజు తేదీ ఏమిటని ఫంక్షన్ని అడిగాను,
లెక్కంతా చేయించి, జవాబు తిరిగివ్వమని చెప్పడం మరిచాను.
అది నోరెత్తలేదు.
ఏమీ లేదు అన్నదాన్నే పేరుగా పెట్టుకుని
రాత్రి రాత్రికీ పాటలన్నీ అందులో పోసింది.
కొత్తదీ, నిజంగా చివరిదీ, వాన ఎక్కువైనదీ, అన్నీ.
ఇంకొక్క అక్షరం ఉంటే 'నన్ను' అయ్యేది.

దాన్ని దిద్దడం నిమిషం పని.
దిద్దాను కూడా. ఆ ఫోల్డరు పేరు మాత్రం మార్చలేదు.

గురువారం కౌంటరు మీద పెట్టి వినిపించాను.
జ్లాట్కో మేకులు ఏరుతూ వింటున్నాడు, తల ఎత్తకుండా.
రికార్డులో షట్టరు చప్పుడైంది.
చేతిలో మేకులు పక్కన పెట్టి
లేచి వెళ్ళి, వంగి, బయటికి చూశాడు.

వీధిలో ఎవరూ లేరు.
చిప్స్ కాగితం కోసం
రెండు సీగల్స్ కొట్టుకుంటున్నాయి.