ఉప్పు చూడటం

శుక్రవారం శుక్రవారం
ఫ్రిజ్‌లో అల్లం ముద్ద డబ్బా వెనక నుంచి
పెన్ను తీస్తాను.
రాసేది కాదు, గుచ్చుకునేది.
బొడ్డుకి నాలుగు వేళ్ళ అవతల మడత పట్టుకుని
పది లెక్కపెట్టాలి.
ఉల్లిపాయలు తరుగుతూ పైడితల్లి
"నొప్పెట్టదేటమ్మా?" అంటుంది.
సూది నొప్పి లేదే, బిల్లే నొప్పి.

ముందు మాత్రలు మింగాను,
మా మరిది మందుల షాపు నుంచి, చీటీ లేకుండా.
అవి వేసుకున్న రాత్రులు గుండె
కొత్తవలస లైన్లో గూడ్సు బండిలా పోయేది.
మూడింటికి లేచి గిన్నెలు తోమేదాన్ని, తోమినవే.
తర్వాత ఇంకో మాత్ర. తిన్న నూనెని ఒంట్లో ఉండనీదు.
అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేదు,
పూర్ణా మార్కెట్లో బెండకాయలు ఏరుతూ తెలుసుకున్నాను.
ముదురు రంగు చీర కాబట్టి బతికాను.

ఇప్పుడీ సూది.
మూడో వారం, కర్రీ పాయింట్‌లో, పదకొండింటికి
గుత్తివంకాయ మూత తీశాను.
ఏమీ అనిపించలేదు.
సముద్రం పక్కన పుట్టినవాళ్ళకి హోరు వినపడదు,
ఆగితే వినపడుతుంది.
హుద్‌హుద్ నాడు నడిమధ్యాహ్నం
గాలి ఉన్నట్టుండి ఆగితే
రేకులెగిరిపోయిన ఇళ్ళ ముందు
ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం చూడు,
అలాంటి నిశ్శబ్దం, కడుపులో.
నలభై ఏడేళ్ళలో మొదటిసారి
బుర్రలో 'తర్వాత ఏం తిందాం' లేదు.
ఆ ఖాళీలో ఏం పెట్టుకోవాలో తెలియక
గోడ మీది క్యాలెండర్ మొత్తం చదివాను,
రాహుకాలాలతో సహా.

పద్నాలుగు కిలోలు పోయాయి.
సింహాచలం మెట్ల మీద ఆరుసార్లు కూలబడేదాన్ని
రెండుసార్లే కూర్చున్నాను.
గంగులమ్మ చేపల బుట్ట దించి
"ఓలమ్మా, సుగరొచ్చినాదేటే నీకు?" అంది.
కోనెం వాసనకి నేను గుమ్మం పట్టుకున్నాను.
పదేళ్ళుగా మొదటి బుట్ట నాకే దించే మనిషి
తప్పు తనదన్నట్టు
తడిగుడ్డ కప్పుకుని వెళ్ళిపోయింది.

ఉప్పు ఇప్పుడు పైడితల్లి చూస్తోంది.
దాని నాలుక మంచిదే.
కానీ నా పులుసు రోజురోజుకీ
దాని పులుసు అవుతోంది.
"మీ చేతి రుచి మారిందండి" అన్నారు
షిప్‌యార్డ్ రామజోగి గారు, క్యారియర్ బిగిస్తూ.
చెయ్యి కాదండీ, అందామనుకున్నాను.

ఆషాఢంలో బేరాలు తగ్గి
రెండు నెలలు సూది ఆపాను.
తుఫాను కన్ను దాటిపోయాక గాలి
రెండోవైపు నుంచి వచ్చింది, గుర్తుందా?
మొదటి గాలికి నిలబడ్డ చెట్లు
అప్పుడే పడ్డాయి.
రాత్రి పన్నెండింటికి గిన్నె అడుగు గీకుతూ
స్టీలు మూతలో నన్ను చూసుకున్నాను.
ఏడుపు రాలేదు.
చింతపండు పులుపు మాత్రం
చెవుల వెనక దాకా పాకింది.
అబ్బ, అన్నాను. గట్టిగానే.

మళ్ళీ మొదలెట్టాను. మోకాళ్ళు అడిగాయి.
గురువారం సాయంత్రాలు, సూది పలచబడే వేళ,
ఆకలి గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది,
అప్పు అడగడానికొచ్చిన పాత చుట్టంలా.
ఆ ఒక్క పూట కూర నేనే వండుతాను.
పైడితల్లి గరిటె వంచుతుంది.
అరచేతిలో చుక్క, నాలుక మీద చుక్క.
"సరిపోయిందేటమ్మా?"
ఉండవే,
ఇంకొక్క చుక్క వెయ్యి.